గబ్బిలానికి ఎలా ఉంటుంది? థామస్ నేగెల్ వ్యాసంపై రివ్యూ

ప్రేక్షకులకు నమస్కారం. ఈ రోజు సమీక్షకు తీసుకున్నది పుస్తకం కాదు, 1974 అక్టోబరులో ‘ఫిలసాఫికల్ రివ్యూ’ పత్రికలో వెలువడిన 16 పేజీల వ్యాసం. రాసినవారు అమెరికన్ తత్త్వవేత్త థామస్ నేగెల్. గబ్బిలంగా ఉండటం ఆ గబ్బిలానికి ఎలా ఉంటుందన్నదే ఆయన ప్రశ్న.

కందుకూరు వైపు మా ఊరి చింతచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలను చూస్తూ పెరిగిన నేను, మొదటిసారి చదివినప్పుడు వాటినే ఊహించుకుని పొరబడ్డాను. పండ్లు తినే ఆ జాతి చూపును, వాసనను నమ్ముకుంటుంది. నేగెల్ తీసుకున్నవి మన పాత గుళ్ల చీకటి మూలల్లో ఉండేలాంటి చిన్న గబ్బిలాలు. అవి మన చెవికి అందని కూతలు వేసి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదుటి పురుగు ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో పసిగడతాయి. ఆ ఏర్పాటునంతా చివరి నరం దాకా వివరించినా, ఆ ప్రతిధ్వని గబ్బిలానికి లోలోపల ఎలా అనిపిస్తుందో మనకు అందదని, మనం రెక్కలు కట్టుకున్నట్టు ఊహించుకున్నా తేలేది గబ్బిలంలా ప్రవర్తించే మనిషి సంగతి మాత్రమేనని ఆయన వాదం.

ఇక్కడ తెలుగువారికొక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషులో ఆ ప్రశ్న (‘వాట్ ఈజ్ ఇట్ లైక్?’) ‘దేనిని పోలి ఉంటుంది’ అన్నట్టు కూడా ధ్వనిస్తుంది కనుక, తన ఉద్దేశం పోలిక కాదని నేగెల్ ఫుట్‌నోటులో చెప్పుకోవలసి వచ్చింది. జ్వరపడి లేచిన మనిషిని మనం ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగితే ఆ చిక్కే రాదు.

మెదడు పనుల వెంట లోపలి అనుభవం అసలు ఎందుకు కలుగుతుందన్న చైతన్యపు ‘కఠిన సమస్య’ను 1995లో ప్రతిపాదించిన తత్త్వవేత్త డేవిడ్ చామర్స్, అనుభవమంటే ఏమిటో చెప్పడానికి ‘ఎలా ఉంటుంది’ అన్న నేగెల్ మాటనే అరువు తెచ్చుకున్నారు. గబ్బిలం అనుభవాన్ని బయటి నుంచే చాలావరకు పరిశోధించవచ్చని వాదించిన మరో తత్త్వవేత్త డేనియల్ డెనెట్ కూడా, 1991 నాటి తన గ్రంథంలో ఈ వ్యాసాన్ని దాటి పోలేకపోయారు. ఒప్పుకున్నవారి కన్నా ఎదిరించినవారి వల్లే ఇది ఎక్కువకాలం బతికిందని నా అభిప్రాయం.

మనసు కూడా భౌతిక ప్రక్రియేననే భౌతికవాదం తప్పని నేగెల్ తేల్చేశారని చాలామంది అనుకుంటారు. ఆయన అన్నది అది కాదు: అది నిజమైతే ఎలా నిజమవుతుందో అర్థం చేసుకునే భావనలు మనకింకా లేవన్నారు. పదార్థమే శక్తి అని సోక్రటీసుకు ముందటి తత్త్వవేత్తకు చెబితే, మాట నిజమే అయినా అదెలాగో అర్థం కాని ఆయన స్థితి ఏమిటో, మనదీ అదే.

నాకు అసంతృప్తి మిగిలింది ముగింపులోనే. పుట్టుకతో చూపులేనివారికి చూడటం ఎలా ఉంటుందో తెలియజెప్పగల పరిభాషను నిర్మించాలని సూచించి, అసలు పని అక్కడ మొదలు కావలసి ఉండగా, కొద్ది పేరాలలోనే ఆయన కలం దించేశారు.