హోరు వస్తోందా? పాత టూ-వే రేడియో రిసీవర్ రిపేరు

హోస్ట్: నమస్కారం. ఈసారి పాత వీహెచ్ఎఫ్ ఎఫ్ఎం టూ-వే రేడియోల గురించి మాట్లాడుకుందాం. సెట్టుకి 30 ఏళ్లు దాటాయి. మన మాట అవతలివాళ్లకి చక్కగా వెళ్తోంది, వాళ్ల మాటే మనకి రావట్లేదు. ఇలాంటి సెట్టు చేతికొస్తే మొదట ఏం చేస్తారు సార్?

అతిథి: మూత తీయను. సిగ్నల్ లేనప్పుడు హోరుని ఆపే స్క్వెల్చ్‌ని పూర్తిగా తెరిచి, వాల్యూమ్ పెంచి వింటాను. హోరు వస్తోందా, లేదా? ఎక్కడ వెతకాలో ఆ హోరే చెప్తుంది.

హోస్ట్: అదెలాగండీ?

అతిథి: సిగ్నల్ లేనప్పుడు ముందు దశల్లో పుట్టే సన్నటి నాయిస్‌ని ఐఎఫ్ ఆంప్లిఫయర్, అంటే వచ్చిన సిగ్నల్‌ని ఒక స్థిరమైన మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి మార్చాక పెంచే దశ, విపరీతంగా పెంచుతుంది. డిస్క్రిమినేటర్ దాన్ని ఆడియోగా మారుస్తుంది. మనం వినే హోరు అదే. అది బలంగా ఉందంటే ఐఎఫ్ చివరి దశ నుంచి స్పీకర్ దాకా అన్నీ పనిచేస్తున్నట్టే. తేడా అంతకు ముందే ఎక్కడో ఉంటుంది. హోరే లేకపోతే ఆడియో వైపు, శబ్దాన్ని ఆపే మ్యూట్ సర్క్యూట్ చూడాలి. బయటి స్పీకర్ జాక్‌ని మాత్రం మర్చిపోకండి. లోపలి కాంటాక్టు నల్లబడితే సెట్టులోని స్పీకర్‌కి దారి తెగిపోతుంది.

హోస్ట్: సరే, హోరు ఉందనుకుందాం. దగ్గరి స్టేషన్లు లీలగా వినిపిస్తున్నాయి, దూరంవి అసలు రావట్లేదు.

అతిథి: ట్రాన్స్‌మిట్ బాగుంది కాబట్టి యాంటెన్నా, కేబుల్, సప్లై మీద అనుమానం తగ్గిపోతుంది. నా చూపు నేరుగా యాంటెన్నా స్విచ్చింగ్ మీదకి వెళ్తుంది. ఒకే యాంటెన్నాని ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ మార్చి మార్చి కలిపే భాగం అది. కొన్ని సెట్లలో రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చు. కొన్నింటిలో స్విచ్చులా పనిచేసే పిన్ డయోడ్లు. రిలే కాంటాక్టులకి చిలుము పడితే ట్రాన్స్‌మిట్ వైపు బాగుండి రిసీవ్ వైపు పాడవచ్చు. చిన్న కెపాసిటర్‌కి మూరెడు వైరు తగిలించి, రిలే దాటాక రిసీవర్ దారిలో పెట్టి వినండి. స్టేషన్ ఒక్కసారిగా పెరిగిందంటే దొంగ దొరికినట్టే. ఆ పరీక్షలో ఉండగా మాట్లాడేటప్పుడు నొక్కే పీటీటీ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి.

హోస్ట్: పెరగకపోతే?

అతిథి: యాంటెన్నా నుంచి వచ్చిన సిగ్నల్‌ని మొదట పెంచే ఆర్ఎఫ్ ఆంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టర్, ఎఫ్ఈటీ. చుట్టుపక్కల పిడుగు పడితే యాంటెన్నా మీదుగా వచ్చే వోల్టేజీకి ముందు పోయేది అదే. దాని డ్రెయిన్ కాలు దగ్గర సప్లై ఉండి, సోర్స్ కాలికున్న రెసిస్టర్ మీద వోల్టేజీ సున్నా చూపిస్తే అందులో కరెంటు పారట్లేదన్నమాట. తర్వాత ఆసిలేటర్లు, అంటే సెట్టులోనే స్థిరమైన ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్లు. చాలా సెట్లలో మొదటి ఐఎఫ్ 10.7 మెగాహెర్ట్జ్. దాన్ని 10.245 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో కలిపితే తేడా 455 కిలోహెర్ట్జ్, అది రెండో ఐఎఫ్. ఆ క్రిస్టల్ ఆగిపోయిందేమో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) వినగలిగే షార్ట్‌వేవ్ రిసీవర్‌ని 10.245 దగ్గర పెట్టి, దాని యాంటెన్నా వైరుని బోర్డు దగ్గరికి తీసుకురండి. ఈల వినిపిస్తే ఆసిలేటర్ నడుస్తోంది.

హోస్ట్: ఒక్కోసారి బాగా పనిచేసి, ఉన్నట్టుండి చిటపటలాడి మాట మునిగిపోతుంది. మళ్లీ దానంతటదే వస్తుంది. అదేంటి?

అతిథి: అది వింటే నాకు రెండో ఐఎఫ్‌లో మనకి కావలసిన ఛానెల్‌నే పోనిచ్చే 455 కిలోహెర్ట్జ్ సిరామిక్ ఫిల్టర్ మీద గట్టి అనుమానం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని కనిపెట్టలేక మంచి సెట్లని పక్కన పడేస్తున్నారు. కొన్ని డిజైన్లలో ఆ ఫిల్టర్ కాళ్ల మధ్య డీసీ వోల్టేజీ ఎప్పుడూ నిలిచి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ డీసీకి తేమ తోడై, లోపలి వెండి పూత మెల్లగా పాకి లీకేజీ దారి కడుతుంది. పైకి చూస్తే ఫిల్టర్ కొత్తదానిలాగే మెరుస్తుంటుంది! దాన్ని తీసేసి, అంతే బ్యాండ్‌విడ్త్ ఉన్నది వేయండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండువైపులా సిరీస్‌లో 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెడితే డీసీ ఆగుతుంది. లేకపోతే కొత్తదానికీ కొన్నేళ్లకి అదే గతి.

హోస్ట్: ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు?

అతిథి: వాటి సంగతి అందరికీ తెలిసిందే, ఎండిపోతాయి. బోర్డుకి అతుక్కుని ఉండే చిన్నవైతే కారి, రాగి ట్రాకుల్ని తినేస్తాయి. సోల్డరింగ్ ఐరన్ తగలగానే చేపల వాసన వస్తే కారినట్టే. తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడిగాకే కొత్తవి వేయాలి.

హోస్ట్: చాలామంది మూత తీయగానే ఐఎఫ్ కాయిల్స్ తిప్పడం మొదలుపెడతారు.

అతిథి: దయచేసి తిప్పొద్దండీ! నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. ఆ కాయిల్స్ లోపల ఉండే ఫెరైట్ కోర్లు వాటంతటవి తిరగవు. ఫ్యాక్టరీలో పెట్టిన చోటే ఉన్నాయి, పాడైంది వేరే ఏదో. పైగా ఫెరైట్ పెళుసు, ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే పగులుతుంది. పాడైన భాగం మార్చాక, సర్వీస్ మాన్యువల్ ముందు పెట్టుకుని, ప్లాస్టిక్ టూల్‌తో అప్పుడు సరిచేయండి.

హోస్ట్: పరీక్షకి సిగ్నల్ పుట్టించే సిగ్నల్ జనరేటర్ ఉన్నవాళ్లకి?

అతిథి: ముందు మైకు పీకి పక్కన పెట్టండి. పొరపాటున పీటీటీ నొక్కితే ట్రాన్స్‌మిటర్ పవరంతా జనరేటర్‌లోకి వెళ్లి దానిలో సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ కాలిపోతుంది. 12 డీబీ సైనాడ్‌కి, అంటే హోరు మధ్య మాట అర్థమయ్యే స్థాయికి, ఎన్ని మైక్రోవోల్టులు కావాలో కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. ఈ తరం వీహెచ్ఎఫ్ సెట్లకి 0.25 దరిదాపుల్లో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు.

హోస్ట్: జనరేటర్ లేకపోతే?

అతిథి: ఎప్పుడూ ఉండే ఒక దూరపు స్టేషన్‌ని, అదే యాంటెన్నాతో, బాగున్న ఇంకో సెట్టులో విని పోల్చుకోండి. తర్వాత మూత పెట్టి గంటసేపు ఆన్‌లో ఉంచండి. వేడెక్కాక వినికిడి తగ్గితే ఎక్కడో డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని టంకం, ఉంది. ప్లాస్టిక్ పుల్లతో బోర్డు మీద మెల్లగా నొక్కుతూ పోండి. బరువైన భాగాల కాళ్లు, షీల్డు డబ్బాల మూలలు ముందు చూడండి. నొక్కగానే హోరు మారిన చోట టంకం కరిగించి కొత్తగా పెట్టండి.