స్పాక్ షేరుకు పీ/ఈ చూస్తున్నారా? ఎమ్మిగనూరు ఎద్దుల సంత లెక్క వినండి

నమస్తే. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను.

నిన్న రాత్రి మా మిత్రుడొకడు యాప్‌లో ఒక అమెరికా షేరు చూపించాడు. ధర 10 డాలర్ల పైచిలుకు, పీ/ఈ 28. "టెక్నాలజీ షేర్లకంటే చవగ్గా ఉంది కదన్నా, తీసుకుందునా?" అన్నాడు. తీరా చూస్తే అది స్పాక్. ఖాళీ చెక్కు కంపెనీ. దానికి వ్యాపారమే లేదు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు, విన్న ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటోంది. పీ/ఈ అంటే షేరు ధర, ఒక్కో షేరుకు వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లు ఉందో చెప్పే లెక్క. అది ఎక్కడ పనికిరాదో చూద్దాం.

ఎమ్మిగనూరు జాతరకు పోయినవాళ్లకు అక్కడి ఎద్దుల సంత తెలుసు. మీ ఊరికి పేరున్న దళారి ఒకాయన వచ్చాడనుకోండి. "తలా 10 వేలు వేయండి. మంచి జత పట్టుకొస్తాను. ఏ జత, ఎవరిది అని ఇప్పుడే అడగొద్దు. డబ్బు నా దగ్గర ఉండదు, ఊరి పెద్దమనిషి పెట్టెలో ఉంటుంది. రెండేళ్లలో జత కుదరకపోతే ఎవరిది వాళ్లకు. కుదిరినా మీకు నచ్చకపోతే మీ డబ్బు తీసుకుని పోండి" అన్నాడు. స్పాక్ అంటే ఇంతే. అక్కడ దళారిని స్పాన్సర్ అంటారు. జత అంటే స్పాక్ విలీనం చేసుకోబోయే అసలు కంపెనీ. తలా 10 డాలర్లు. పెట్టె బదులు ట్రస్ట్ ఖాతా. అందులోని డబ్బును ఎక్కువగా అమెరికా ట్రెజరీ బిల్లుల్లో, అంటే ఆ ప్రభుత్వం కొద్దికాలానికి తీసుకునే అప్పు పత్రాల్లో పెడతారు.

ఇప్పుడు పీ/ఈ సంగతి. జత ధర ఎంత, ఏడాదికి మడక బాడుగ ఎంత తెస్తుంది, ఈ రెండూ పోల్చడమే పీ/ఈ. మరి పెట్టెలో నోట్లు ఎన్ని ఎకరాలు దున్నాయి? ఒక్క సెంటు కూడా దున్నలేదు. అయినా యాప్‌లో 28 ఎలా వచ్చింది? 2022 నుంచి అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి. ట్రస్ట్ డబ్బుకు వచ్చిన వడ్డీలో ఖర్చులు పోను మిగిలింది లాభంగా నమోదవుతుంది. యాప్ షేరు ధరను దాంతో భాగించేసింది. మీరు చూస్తున్నది ఎద్దు బలం కాదు, పెట్టెలో నోట్ల వడ్డీ.

పీ/బీ, అంటే షేరు ధరను పుస్తక విలువతో (ఆస్తుల్లోంచి అప్పులు పోను మిగిలేది) పోల్చే లెక్క, ఇంకా గందరగోళం. డబ్బు వెనక్కి అడిగే హక్కున్న షేర్లను సొంత మూలధనంలో కలపకుండా విడిగా చూపిస్తారు. అందుకే పెట్టె నిండా డబ్బున్నా పుస్తక విలువ మైనస్‌లో కనిపిస్తుంది. అమ్మకాలే లేవు కాబట్టి ధరను అమ్మకాలతో పోల్చే పీ/ఎస్ లెక్కే లేదు.

చూడాల్సింది ఒక్కటే, పెట్టెలో తలకు ఎంత ఉంది? ట్రస్ట్‌లో షేరుకు 10.40 ఉండి, షేరు 10.30కి దొరికితే సరే. 13 పెట్టి కొంటే, పైనున్న 2.60 డాలర్లు రాబోయే జత మీద పుకారుకు కట్టిన డబ్బు.

ఇక్కడ కాస్త ఆగండి, ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. దళారి ఊరికే తిరగడు.

[బోర్డు మీద లెక్క]

80 మంది తలా 10 వేలు, మొత్తం 8 లక్షలు. దళారికి నామమాత్రపు ధరకు 20 వాటాలు. మొత్తం 100 వాటాలయ్యాయి. వాటాకు 8 వేలే. సంతకు పోకముందే 2 వేలు తరిగింది! ఇప్పుడు జత చూసి 60 మంది డబ్బు వెనక్కి తీసుకున్నారు. మిగిలింది 2 లక్షలు. వాటాలు మీవి 20, దళారివి 20. వాటాకు 5 వేలు. 10 వేలు వేసి ఉండిపోయినవాడి వెనక సగమే మిగిలింది. కొన్ని ఒప్పందాల్లో స్పాన్సర్ తన వాటాలు కొన్ని వదులుకుంటాడు, అది చదివి చూసుకోండి. దీనిపైన వారంట్లు. వెళ్లిపోయినవాళ్ల చేతిలోనూ సాధారణంగా 11.50 డాలర్లకు షేరు కొనే చీటీ ఉండిపోతుంది. షేరు ఎగిరితే ఆ చీటీలు మీ వాటాను ఇంకా పలచన చేస్తాయి.

జత మంచిదైతే? కావచ్చు. గుత్తి దగ్గర బేతపల్లిలో 2025 మేలో పెద్ద సౌర, పవన విద్యుత్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన రెన్యూ కంపెనీ, 2021 ఆగస్టులో ఒక స్పాక్‌తో కలిసే అమెరికా షేర్ల ఎక్స్ఛేంజ్ నాస్‌డాక్‌కు ఎక్కింది. అప్పటికే దానికి నడుస్తున్న ప్లాంట్లు, కరెంటు అమ్మకాలు ఉన్నాయి. ట్రక్కుల కంపెనీ నికోలా అలా కాదు. 2020 జూన్‌లో స్పాక్ ద్వారా వచ్చి, ట్రక్కులు అమ్మకముందే మార్కెట్ విలువలో కొద్దికాలం ఫోర్డ్‌ను దాటింది. 2025 ఫిబ్రవరిలో దివాలాకు దరఖాస్తు చేసింది.

టైం అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను. విలీనం ప్రకటించాక "ఐదేళ్ల తర్వాతి అమ్మకాలతో పోలిస్తే చవక" అనే స్లైడ్ వస్తుంది. దాన్ని పక్కన పెట్టి, నిరుటి అసలు అమ్మకాలతో పీ/ఎస్ వేయండి. అప్పులుంటే ఈవీ/ఎబిట్డా చూడండి, అంటే అప్పు కూడా కలిపిన కంపెనీ విలువను వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభంతో పోల్చడం. షేర్ల సంఖ్యలో దళారి వాటాలు, వారంట్లు కలపడం మరిచిపోవద్దు. మన దగ్గర కంపెనీల చట్టం 248వ సెక్షన్ ప్రకారం, పెట్టిన ఏడాదిలోపు వ్యాపారం మొదలుపెట్టని కంపెనీని రిజిస్టర్ నుంచి తీసేయవచ్చు. ఇలాంటివి ఇక్కడి ఎక్స్ఛేంజీల్లో కనిపించకపోవడానికి ఇదొక కారణం. గుజరాత్‌లోని అంతర్జాతీయ ఆర్థిక సేవల కేంద్రం గిఫ్ట్ సిటీ నిబంధనలు మాత్రం వేరు.

ఇప్పటికే కొని ఉంటే, డబ్బు వెనక్కి అడిగే గడువు సాధారణంగా విలీనంపై ఓటింగ్‌కు రెండు పనిదినాల ముందే ముగుస్తుంది. బ్రోకర్ గడువు ఇంకా ముందుంటుంది. మా వాడికి ఆ తేదీ వెతకమని చెప్పాను, మీరూ ఈ రాత్రే చూడండి.