వాషింగ్ మెషిన్ తిరిగితే మా డ్రైవ్ మాయం | మిచిగన్‌లో మా శనివారం

అందరికీ నమస్తే అండి. పోయిన వారం వీడియో పెట్టలేకపోయాను. ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి అమ్మ ఫోన్. "ఏమ్మా, వీడియో రాలేదు, ఒంట్లో బాగాలేదా?" అని. ఆ వెంటనే పిన్ని, సాయంత్రానికి మా అత్తయ్యగారు. నాకేం కాలేదు. బాగాలేనిదల్లా మా బేస్‌మెంట్‌లో ఉన్న ఈ నల్ల పెట్టెకి. రండి, కిందకి వెళ్దాం. మెట్ల దగ్గర లైటు తక్కువ, కెమెరా కొంచెం ఊగుతుంది.

దీన్ని నాస్ అంటారు. ఇంట్లో కంప్యూటర్లన్నీ కలిసి వాడుకునే హార్డ్ డిస్కుల పెట్టె. వైరుతో రూటర్‌కి కలిపితే పైన నా లాప్‌టాప్‌లో జడ్ డ్రైవ్ అని కనిపిస్తుంది. పెట్టె, రెండు డిస్కులు కలిపి 500 డాలర్లు అయింది. డాలరుకి 85 వేసుకున్నా 42,500 రూపాయలు. కొనే రోజు నాకు మనసు ఒప్పలేదు. కానీ మా బాబు మొదటి అడుగు, అమ్మావాళ్లు వచ్చిన ఆరు నెలల వీడియోలు, అన్నీ ఇందులోనే. రెండు డిస్కుల్లోనూ అవే ఫైళ్లు ఉంటాయి, ఒకటి పాడైనా రెండోది కాపాడుతుంది.

నెల రోజుల నుంచి ఈ జడ్ డ్రైవ్ మీద ఉన్నట్టుండి ఎర్ర ఇంటూ గుర్తు పడుతోంది. ఎడిటింగ్ మధ్యలో క్లిప్పులన్నీ మాయం. నాకు ఏడుపొచ్చేది. మనిషిని పిలుద్దామంటే ఇంటికొచ్చి చూసినందుకే 150 డాలర్లు అన్నారు, అంటే 12,750. అందుకని మా ఆయన, నేనే కూర్చున్నాం.

మొదట దొరికింది అడ్రస్ గొడవ. రూటర్ ఇంట్లో ప్రతి మెషిన్‌కీ ఒక ఐపీ నంబరు ఇస్తుంది. రూటర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు నాస్‌కి వేరే నంబరు వచ్చింది, లాప్‌టాప్ మాత్రం పాత నంబరు కోసమే వెతుకుతోంది. రూటర్ సెట్టింగుల్లో నాస్‌కి ఒకే నంబరు ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చేశాం. లాప్‌టాప్ కరెంటు ఆదా చేయడానికి నెట్‌వర్క్ కార్డును ఆపేసుకునే సెట్టింగు ఒకటి ఉంటుంది, డివైస్ మేనేజర్‌లో ఆ టిక్కు తీసేశాం. నాస్ డిస్కులు 20 నిమిషాలకి నిద్రపోయేలా ఉంటే అదీ మార్చాం. వారం మధ్యలో ఒక్కసారి కూడా పోలేదు. హమ్మయ్య అనుకున్నాం.

శనివారం మళ్లీ పోయింది.

శనివారం మాకు బట్టల రోజు. ఇక్కడ చాలా ఇళ్లలో వాషింగ్ మెషిన్, డ్రయ్యర్ బేస్‌మెంట్‌లో పెట్టుకుంటారు. డ్రయ్యర్ అంటే వేడి గాలిలో బట్టలు ఆరబెట్టే మెషిన్. 2025 దాకా ఇక్కడ చాలా కాలనీల్లో బయట తాడు కట్టి బట్టలు ఆరేయకూడదని అసోసియేషన్ రూలు ఉండేది. ఆరేద్దామన్నా ఫిబ్రవరిలో మంచు. మేడ మీద అమ్మ దులిపి ఆరేసిన దుప్పట్లకి ఒక ఎండ వాసన ఉంటుంది చూడండి, ఆరేళ్లయింది నాకు ఆ వాసన తగిలి. డ్రయ్యర్‌లో వేసే సువాసన కాగితాలకి ఏవేవో పూల పేర్లు ఉంటాయి. అది కాదు, ఇది వేరు.

సరే, నాస్ సంగతి. ఈసారి మా ఆయన రెండు నల్ల విండోలు తెరిచి, ఒకదాంట్లో రూటర్‌కి, ఒకదాంట్లో నాస్‌కి ఆగకుండా పింగ్ పెట్టారు. పింగ్ అంటే "ఉన్నావా?" అని అడిగి జవాబు వస్తుందా అని చూడటం. ఐపీ నంబరు ముందు పింగ్ అని, చివర మైనస్ టీ అని కొడితే చాలు. రూటర్ నుంచి జవాబు చక్కగా వస్తోంది. నాస్ దగ్గర మాత్రం తెగిపోతోంది. అంటే లాప్‌టాప్ నుంచి రూటర్ దాకా దారి మంచిదే, ఆ తర్వాతే తేడా. తెగిన టైములు నేను కాగితం మీద రాశాను: 10:42, 11:35, 12:29. ఆ మూడూ చూడగానే ఒళ్లు జలదరించింది. ప్రతి వాయి చివర మెషిన్ గిర్రున తిరిగి నీళ్లు పిండే టైములు అవి!

కిందకి పరిగెత్తాం. నాస్ ఉన్న బల్ల వాషింగ్ మెషిన్‌కి ఆనుకుని ఉంది, మెషిన్‌తో పాటు అదీ వణుకుతోంది. వెనక వైరు కొనకి ఉండే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయి ఉంది. వణికినప్పుడల్లా ప్లగ్గు కాస్త జారుతోంది. ఇంకో రుజువు కూడా దొరికింది. నాస్ సెట్టింగుల పేజీలో లింక్ స్పీడు, అంటే ఆ వైరులో డేటా వెళ్లే వేగం, సెకనుకి 1000 మెగాబిట్ల బదులు 100 చూపిస్తోంది. ఆ వైరులో ఎనిమిది తీగలుంటాయి, 1000కి ఎనిమిదీ తగలాలి, 100కి నాలుగు చాలు. మాకు కొన్ని తీగలు సరిగ్గా తగలట్లేదన్నమాట.

సికింద్రాబాద్‌లో అయితే సీటీసీ అనే కంప్యూటర్ సామాన్ల మార్కెట్‌కి వెళ్లి, ఆ కొన కత్తిరించి కొత్త ప్లగ్గు క్రింప్ చేయించుకునేవాళ్లం, అంటే నొక్కి బిగించడం. ఇక్కడ ఆ పని చేసే కొట్టు మాకు దగ్గర్లో లేదు, క్యాట్ సిక్స్ అనే రకం నెట్‌వర్క్ వైరు కొత్తదే కొన్నాం. 9 డాలర్లు, 765 రూపాయలు. పెట్టెను కూడా ఎదురు గోడ దగ్గరికి మార్చాం, తిరిగే డిస్కులకి ఆ వణుకు అసలు మంచిది కాదు.

ఇవాళ శనివారం, మూడు వాయిలు అయ్యాయి. పింగ్ ఒక్కసారీ తెగలేదు. 40 జీబీ ఫైళ్లకి ఇంతకుముందు గంట పట్టేది, ఇప్పుడు ఆరు నిమిషాలు. మా ఆయన్ని చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో.

ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. మీకు ఆదివారం పొద్దున ఎనిమిది. అమ్మా, నాకు బాగానే ఉంది, టిఫిన్ తిన్నాక చూడు. డ్రయ్యర్ ఆగింది, బట్టలు తీసుకొస్తాను. ఉంటానండి.