కార్డు ముందు, డబ్బు తర్వాత

శ్రోతలకు నమస్కారం.

ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు ఒక సంగతి గమనించారా? కార్డును లోపలికి లాక్కునే మెషీన్లలో చాలావరకు ముందు కార్డు బయటికొస్తుంది, ఆ తర్వాతే నోట్లు. మొదట్లో వచ్చిన వాటిలో కొన్ని ఇందుకు తిరగేసి ఉండేవి. ముందు డబ్బు, తర్వాత కార్డు. జనం నోట్లు లెక్కపెట్టుకుంటూ కార్డు అక్కడే వదిలేసి వెళ్లిపోయేవారు. వచ్చింది డబ్బు కోసం కదా, డబ్బు చేతికొచ్చాక మనసులో ఆ పని అయిపోయినట్టే. "కార్డు మరిచిపోకండి" అని ఎంత పెద్ద బోర్డు పెడితే మాత్రం ఎవరు చదువుతారు? వరుస మార్చారు, గొడవ చాలామటుకు వదిలింది.

నా పనీ అచ్చం ఇలాంటిదే. పేరుకు ప్రొడక్ట్ డిజైనర్‌ని. ఫోన్లలో యాప్‌లకు రంగులు వేస్తానని మా బంధువులు అనుకుంటారు. వేస్తాను, కాదనను. కానీ రోజులో ఎక్కువ భాగం, మనుషుల వేలు ఎక్కడ తడబడుతోందో చూడటానికే సరిపోతుంది.

ఇంట్లో క్యాలిక్యులేటర్ ఉంటే ఫోను పక్కన పెట్టి చూడండి. క్యాలిక్యులేటర్ పై వరుసలో 7, 8, 9 ఉంటాయి. ఫోనులో 1, 2, 3. అమెరికాలో 1963లో బటన్ల ఫోను బజారులోకి రాకముందే, అక్కడి టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో జాన్ కార్లిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం అంకెలను రకరకాలుగా పేర్చి జనం చేత నొక్కించారు. ఎంత వేగంగా నొక్కుతున్నారు, ఎన్ని తప్పులు పోతున్నాయి అని లెక్క చూశారు. అరవై ఏళ్లు దాటినా మీ టచ్ ఫోనులో నంబరు కొట్టేది అప్పుడు తేలిన వరుసలోనే.

ఇక నా సొంత కథ. కొన్నేళ్ల కిందట పొదుపు సంఘాల ఆడవాళ్ల కోసం ఒక యాప్ తయారుచేశాం. తెలుగులోనూ పెట్టాం. ఆఫీసులో అందరం భేష్ అనుకున్నాం. నల్గొండ వైపు ఒక పల్లెకు తీసుకెళ్లి ఒకామె చేతిలో పెట్టాను. యాభై దాటి ఉంటాయి. సంఘం లెక్కలన్నీ నోటితోనే చెప్పేస్తుంది. మా పనిలో ఒక నియమం ఉంది: పక్కన కూర్చోవాలి, నోరు మూసుకోవాలి. "అక్కడ నొక్కమ్మా" అన్నామంటే ఇక ఆ పరీక్ష దండగే. ఇది వినడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ, మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగడం ఎంత కష్టమో!

ఆమె గడులన్నీ నింపింది. చివరి బటన్ దగ్గర వేలు ఆగిపోయింది. దాని మీద "సమర్పించు" అని ఉంది. సబ్మిట్ అన్న మాటకు మాలో ఎవరో నిఘంటువు చూసి పెట్టిన తెలుగు. ఆమె నావైపు తిరిగి, "సమర్పించుడంటే ఎవరికి బిడ్డా, దేవునికా?" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఆ బటన్ "పంపండి" అయింది.

ఆ పూటే ఇంకొకటి బయటపడింది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు కొలిచి చేసిన పెట్టెలో తెలుగు పెట్టాం. ఆమె చవక ఫోనులో కింది వత్తులు తెగిపోయాయి. "అప్పు" కాస్తా "అపు" అయింది, "వడ్డీ" వెళ్లి "వడీ" అయి కూర్చుంది. డబ్బుతో పని కదా, ఇలాంటి అక్షరాలను చూసి ఎవరు నమ్ముతారు?

పేరు సంగతి మరీ ఘోరం. "మొదటి పేరు" అన్న గడిలో ఆమె ఇంటిపేరు రాసింది. మనకు మొదట వచ్చేది అదేగా! రాసింది ఆమె సరిగ్గానే, అడిగింది మేం తప్పుగా. అప్పటినుంచి ఏ ఫారంలోనైనా నేను ఒక్కటే గడి పెడతాను: ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు.

ఇవన్నీ తెలియడానికి వేలమంది అక్కర్లేదు. ఐదుగురితో పరీక్షిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని ఇలాంటి పరీక్షల్లో పేరున్న నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. నాకైతే మూడో మనిషి దగ్గరకొచ్చేసరికే తల దించుకోవాల్సి వస్తుంది.

తేలిక చేయడమంటే సౌకర్యాలు పెంచుకుంటూ పోవడం కూడా కాదు. యూపీఐలో ఎదుటివాళ్లను డబ్బు అడిగే వీలు ఒకటి ఉండేది, కలెక్ట్ రిక్వెస్ట్ అని. దాన్ని అడ్డం పెట్టుకుని మోసగాళ్లు "మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అనేవారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఎంత ప్రచారం చేసినా పడేవాళ్లు పడుతూనే ఉన్నారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి మనిషికీ మనిషికీ మధ్య ఆ వీలునే యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించేసింది. మళ్లీ ఏటీఎం బోర్డు కథే.

నల్గొండ ఆమె ఆ రోజు చివరి బటన్ నొక్కాక ఇంకో ప్రశ్న వేసింది. "పోయిందో లేదో నాకెట్ల తెలుస్తది?" స్క్రీన్ మీద పచ్చటి టిక్కు గుర్తు మెరుస్తూనే ఉంది. నాకది జవాబు, ఆమెకు కాదు. సంఘంలో డబ్బు కడితే పుస్తకంలో రాసి, పైకి చదివి వినిపిస్తారు. అప్పుడు నాకు టిఫిన్ బండి దగ్గరి సౌండ్‌బాక్స్ గుర్తొచ్చింది. దోశ తిప్పే మనిషికి పిండి చేతులతో ఫోను ముట్టుకునే వీలుండదు. "నలభై రూపాయలు వచ్చాయి" అని పెట్టె అరవగానే, తలెత్తకుండా చట్నీ వేసేస్తాడు.

రెండోసారి వెళ్లినప్పుడు మా యాప్ కూడా మాట్లాడింది. ఎంత కట్టారు, ఎవరి పేరున, ఏ తారీఖున. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా వింది. తర్వాత, "మా కోడలికి ఇంకోసారి ఇనిపిస్తా, యాడ ఒత్తాలె?" అని అడిగింది.

మళ్లీ వినే బటన్ మేం పెట్టలేదు. నోట్‌బుక్ తీసి రాసుకున్నాను.

సెలవు.