పానగల్లు నీడ, పక్క విశ్వం

వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. పిల్లలూ, నేను వచ్చింది మీ కోసం. 1928లో ఇదే ఫిబ్రవరి 28న సి.వి.రామన్ చేసిన ఆవిష్కరణ గురించి మీ సారు చక్కగా చెప్పారు. నాకిచ్చిన అంశం బహుళ విశ్వాలు, అంటే మన విశ్వం లాంటివి ఇంకా ఎన్నో ఉండొచ్చన్న ఊహ. కానీ ముందు పానగల్లు వెళ్లాలి.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం మీలో చాలామంది చూసే ఉంటారు. కందూరు చోడ రాజుల కాలం నాటి గుడి. సూర్యుడు కదులుతున్నా గర్భగుడిలో స్తంభం నీడ కదలదు. ఏడో తరగతిలో "సార్, ఇది ఏ స్తంభం నీడ?" అని అడిగాను. "అలాంటివి అడిగితే కళ్లు పోతాయి" అన్నారు. భయంతో ఆ రాత్రి కళ్లు మూసుకోవడానికి కూడా జంకాను.

ఉద్యోగంలో చేరాక ఒకరోజు చెప్పుల డబ్బాలో సుద్దముక్కలు నిలబెట్టి కిటికీ దగ్గర పెట్టాను. డబ్బాను కాస్త అటూ ఇటూ జరిపేసరికి వెనుక అట్ట మీద ఒకే ఒక నీడ! గుడిలోకి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, బయట చెదిరి వచ్చే వెలుగు. దానికి స్తంభాలు అడ్డుపడితే వాటి నీడలు కలిసి ఒక్కటిగా కనిపిస్తాయి. ఆ పూట నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఇప్పుడు విశ్వాల సంగతి. సూక్ష్మ కణాన్ని కొలిస్తే రావడానికి వీలున్న ఫలితాలన్నీ విశ్వపు వేర్వేరు శాఖల్లో జరుగుతాయన్న భావానికి 1957లో భౌతిక శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ పునాది వేశాడు. విశ్వం మొదట్లో అతివేగంగా ఉబ్బిందని, ఆ ఉబ్బడం ఒకచోట ఆగినా మరోచోట సాగుతూ కొత్త విశ్వాలు పుడతాయని 1980లలో ఆండ్రీ లిండే వంటి శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. "అనంతకోటి బ్రహ్మాండాలని మనవాళ్లు ఎప్పుడో అన్నారు కదా" అంటారు కొందరు. గొప్ప ఊహే, నేనూ చేతులు జోడిస్తాను. కానీ ఎలా పరీక్షిద్దాం? విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. వెలుగు ఏడాదిలో వెళ్లే దూరం ఒక కాంతి సంవత్సరం. వెలుగు వస్తున్నంతసేపూ విశ్వం విస్తరిస్తూనే ఉంది కనుక, మనం చూడగలిగిన మేర అన్ని వైపులా దాదాపు 4,600 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ అవతలి వెలుగు మనల్ని ఇంకా చేరలేదు. విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తేలింది కనుక, కొంత వెలుగు ఎన్నటికీ చేరదు. దానికి నా చెప్పుల డబ్బా చాలదు.

అందుకే పక్క విశ్వం ఉందా అంటే తెలియదంటాను. తల దించుకోకుండా అంటాను. ఉపాధ్యాయ మిత్రులారా, చేతులు జోడించి అడుగుతున్నాను, పిల్లలకు "తెలియదు" అని చెప్పండి. కళ్లు పోతాయని మాత్రం చెప్పకండి.

ఇంకా చాలా రాసుకొచ్చాను, కానీ వెనుక వరుసలో ఒక పాప ఇందాకటి నుంచి చేయి ఎత్తే ఉంచింది. అడుగమ్మా.