బడి గొప్పదా, బడికి వచ్చిన పిల్లలు గొప్పవారా?

నమస్కారం. సర్కారు బడి పిల్లలకూ ప్రైవేటు బడి పిల్లలకూ మధ్య ఉన్న మార్కుల తేడాను చూపించి, అదంతా బడి గొప్పతనమేనని చెప్పేవారి మాటను ఇకమీదట నమ్మవద్దని చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను. తేడా లేదని నేను అనడం లేదు. తేడా ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆ తేడాను బడి పుట్టించిందన్న నిర్ధారణే తప్పు. అది తప్పని మన ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లోనే, మన పిల్లలతోనే, లాటరీ తీసి మరీ తేల్చారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అయినా ప్రతి జూన్ నెలలోనూ మనం అదే మాట మళ్లీ వింటున్నాం.

ఫలితాలు వెలువడిన మర్నాడు దినపత్రికల మొదటి పేజీలు ఎలా ఉంటాయో, టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు ఎలా చదువుతారో మీకు తెలుసు. ఆ ప్రకటనల్లో ఒక్క అంకె మాత్రం ఎన్నడూ కనిపించదు. ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి అక్కడ చేరిన నాటికే ఏ స్థాయిలో ఉన్నాడో చెప్పే అంకె అది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలను ఏరి, ఫీజు తగ్గించి, ప్రత్యేక బ్యాచీలో కూర్చోబెట్టి, వారికి ర్యాంకు రాగానే అది తమ బోధన ఫలమేనని చాటుకుంటే ఎలా ఒప్పుకుంటాం? కాలువ కింది మాగాణిలో విరగపండిన చేనును చూపించి, ఇదంతా నేను అమ్మిన విత్తనం మహిమేనని కొట్టు యజమాని చెప్పుకుంటే, మెట్ట రైతు ముందుగా నీరు ఎక్కడిదని అడుగుతాడు. బడుల విషయంలో ఆ ప్రశ్నను మనం అడగడం మానేశాం.

పరిశోధకులు ఈ చిక్కును ఎంపిక దోషం అంటారు. బిడ్డను ప్రైవేటు బడికి పంపే ఇంట్లో ఆదాయం కొంత ఎక్కువగా ఉండవచ్చు, తల్లి చదువుకుని ఉండవచ్చు, అన్నిటికీ మించి ఈ బిడ్డను చదివించి తీరాలన్న పట్టుదల ఉండవచ్చు. ఆదాయాన్ని, తల్లి చదువును సర్వేలో అడిగి లెక్కలో సరిచేయవచ్చు. పట్టుదలను ఏ ప్రశ్నావళితో కొలుస్తారు? కొలవని దానిని కూడా గణాంక సూత్రాలతో సరిచేశామని చెప్పే అధ్యయనాన్ని, అది ఎంత పెద్ద సంస్థ నుంచి వచ్చినా, నేను అనుమానంతోనే చదువుతాను.

ఈ చిక్కును విడదీయడానికి ఉన్న అన్నిటికంటే గట్టి మార్గం లాటరీ. 2008లో, రాష్ట్ర విభజనకు ముందు, ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో అదే పని చేశారు. ప్రైవేటు బడికి పంపుకునేందుకు వోచర్, అంటే ఫీజుకు బదులుగా చెల్లే పత్రం, ఇస్తామని చెప్పి, సర్కారు బడుల్లో ఉన్న చిన్న పిల్లల తల్లిదండ్రుల నుంచి ముందుగా దరఖాస్తులు తీసుకున్నారు. దరఖాస్తులన్నీ అందిన తర్వాతే, ఏ గ్రామాలకు పథకం దక్కాలన్నది ఒక లాటరీతోనూ, ఆ గ్రామాల్లో ఏ పిల్లలకు వోచర్ దక్కాలన్నది మరొక లాటరీతోనూ నిర్ణయించారు. ఈ వరుసను దయచేసి గమనించండి, ఎందుకంటే పరిశోధన బలమంతా ఈ వరుసలోనే ఉంది. దరఖాస్తు పెట్టుకున్న ప్రతి తల్లిలోనూ, ప్రతి తండ్రిలోనూ ఆ పట్టుదల ఉంది. చీటీ వచ్చినవారికీ రానివారికీ మధ్య, మొత్తం మీద చూస్తే, చీటీ తప్ప వేరే తేడా లేదు. పైగా వోచర్ పిల్లల్లో తమకు నచ్చినవారిని ఏరుకునే వీలు బడులకు ఇవ్వలేదు. ఆ తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు రెండేళ్లకు ఒకసారి, నాలుగేళ్లకు మరొకసారి ఈ రెండు గుంపుల పిల్లల మార్కులను పోల్చి చూశారు.

తెలుగులో తేడా లేదు. గణితంలో తేడా లేదు. సామాన్య, సాంఘిక శాస్త్రాల్లో తేడా లేదు. ఇంగ్లీషులోనూ లెక్కలోకి తీసుకోదగిన తేడా లేదు. ఇంగ్లీషులోనూ లేదన్న మాటను మరొకసారి వినండి, ఎందుకంటే మన ఊళ్లలో తల్లిదండ్రులు అప్పు తెచ్చి ఫీజు కడుతున్నది ఎక్కువగా ఆ ఒక్క భాష కోసమే. సర్కారు బడుల్లో ఆ తరగతుల్లో బోధించని హిందీలో మాత్రం వోచర్ పిల్లలు చాలా ముందున్నారు. లాటరీ లేకుండా మామూలుగా పోల్చినప్పుడు రెండు రకాల బడుల మధ్య కనిపించే పెద్ద తేడాలో అధిక భాగం బడి బయటి కారణాలదేనని ఆ పరిశోధకులే రాశారు.

ఇక్కడ సర్కారు బడుల పక్షాన మాట్లాడేవారు చప్పట్లు కొట్టే ముందు రెండో సగం కూడా వినాలి. ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో విద్యార్థిపై అయిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. తెలుగుకూ గణితానికీ వారు కేటాయించిన సమయం కూడా సర్కారు బడుల కంటే తక్కువ, అయినా ఆ మార్కులు తగ్గలేదు. ఈ సంగతిని దాచిపెట్టి మొదటి సగాన్ని మాత్రమే పంచుకునేవారిని చూసినా నాకు అంతే కోపం వస్తుంది. అయితే తక్కువ ఖర్చుతో అదే ఫలితం సాధించడం వేరు, మెరుగైన ఫలితం సాధించడం వేరు. ఫీజు కడుతున్న తండ్రికి అమ్ముతున్నది రెండోదే.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వు ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినప్పుడు, రాత్రి చర్చల్లో ఇరుపక్షాలూ ఇంగ్లీషు మాధ్యమం పిల్లల సగటునూ తెలుగు మాధ్యమం పిల్లల సగటునూ ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. నేను చూసిన ఆ చర్చల్లో ఈ లాటరీ ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. మన గ్రామాల్లో జరిగిన ఇంత పెద్ద ప్రయోగాన్ని మనమే మరిచిపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఎంపిక సంగతి పక్కన పెట్టినా, సగటు ఒక్కటే చెప్పేవారు మరొక విషయాన్ని మింగేస్తారు. మార్కులు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను ప్రామాణిక విచలనం అంటారు. రెండు గుంపుల సగటుల మధ్య తేడా అందులో 0.2 వంతు ఉందనుకుందాం. మనస్తత్వశాస్త్రంలో దానిని చిన్న తేడాగా లెక్కిస్తారు. అప్పుడు ఒక్కో గుంపు నుంచి ఒక్కరిని చూడకుండా పిలిచి పోల్చితే, ముందున్న గుంపు మనిషి గెలిచేది నూటికి సుమారు 56 సార్లే. మిగిలిన 44 సార్లు వెనుకబడిన గుంపు అని మనం పేరు పెట్టిన గుంపు మనిషే గెలుస్తాడు. అటువంటి తేడాను చూసి ఫలానా కులం పిల్లలకు గణితం రాదని, ఆడపిల్లలకు భౌతికశాస్త్రం ఎక్కదని, ఎదురుగా కూర్చున్న ఒక బిడ్డ గురించి తీర్పు చెప్పడం అన్యాయం.

కొన్నిసార్లు ఆ తేడాను పరీక్ష జరిగే గదే పుట్టిస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల బాలురతో చేసిన ప్రయోగాన్ని ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. అగ్రకులాల నుంచి 321 మందిని, దళితుల నుంచి 321 మందిని తీసుకుని, కాగితం మీద గీసిన చిక్కుదారుల్లో మార్గం కనుక్కునే పని ఇచ్చి, పూర్తిచేసిన ప్రతిదానికీ ఒక రూపాయి చొప్పున చెల్లించారు. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు గుంపులూ దాదాపు సమానంగా నిలిచాయి. పిల్లల పేరు, తండ్రి పేరు, తాత పేరుతో పాటు కులాన్ని కూడా అందరి ఎదుట చదివిన తర్వాత పని మొదలుపెట్టిస్తే, దళిత బాలురు పూర్తిచేసిన చిక్కుదారుల సంఖ్య స్పష్టంగా పడిపోయింది. పని మారలేదు, కూలి మారలేదు, తెలివి ఆ కొన్ని నిమిషాల్లో తరిగిపోలేదు. కులాన్ని పైకి చదవడం ఒక్కటే మారింది. మన తరగతి గదుల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపే రోజున కులాల వారీగా పిల్లలను లేపి నిలబెట్టే అలవాటును ఈ ఫలితం పక్కన పెట్టి చూడండి, దాని బరువు తెలుస్తుంది.

ఆడపిల్లల విషయంలో మన దగ్గరే మరొక మంచి అధ్యయనం ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ సర్కారు బడుల్లో ఐదేళ్లపాటు సేకరించిన మార్కులను మురళీధరన్, కేతకి శేఠ్ పరిశీలించారు. ప్రాథమిక తరగతుల్లో పైకి వెళ్లేకొద్దీ బాలికలు బాలుర కంటే కొద్దికొద్దిగా వెనుకబడుతున్నారు. ఉపాధ్యాయురాలు బోధించిన ఏడాదిలో మాత్రం బాలికల పురోగతి ప్రామాణిక విచలనంలో సుమారు 0.036 వంతు మెరుగుపడింది, బాలురకు ఏ నష్టమూ జరగలేదు. చిన్న అంకెలాగే కనిపించవచ్చు, కానీ అది ఒక్క ఏడాది ఫలితం. ఇక్కడ వారు కొలిచింది ఏ గుంపు ఎక్కడ నిలిచి ఉందన్నది కాదు, ఏటికేడు ఎంత దూరం వచ్చిందన్నది. నేను మొదటి నుంచి అడుగుతున్న కొలత ఇదే.

ఆ కొలత తీయడానికి మనకు కొత్త సర్వే కూడా అక్కరలేదు. ప్రతి విద్యార్థి పదో తరగతి మార్కులు ఒక బోర్డు దగ్గర ఉన్నాయి, ఇంటర్ మార్కులు మరొక బోర్డు దగ్గర ఉన్నాయి. పేర్లు తొలగించి ఆ రెండింటినీ జతచేసి, ఏ కళాశాలలో చేరిన పిల్లలు చేరిన నాటి స్థాయి నుంచి ఎంత ఎదిగారో, ఎంతమంది మధ్యలో మానేశారో ఏటా ప్రకటించాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను నేను అడుగుతున్నాను. ర్యాంకుల ప్రకటన వేసే ప్రతి సంస్థా ఆ రెండు అంకెలను ర్యాంకు పక్కనే, ర్యాంకు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలని నిబంధన పెట్టాలి.