అలంపురం గుళ్లు ఒక్కరోజుల: గైడ్‌తో పోయే జంటలకు మా రివ్యూ

నమస్తే అండి. నడిగడ్డల (కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ సీమ) అలంపురం గుళ్లన్నీ గైడ్‌తో ఒక్కరోజుల చూడొచ్చా అని చానామంది అడుగుతున్నరు. చూడొచ్చు. గైడ్ కావాల్సిందే, కానీ చూసే వరుస మీరే చెప్పాలె.

మామూలుగైతే దిగంగనే జోగులాంబ అమ్మవారి దర్శనానికి తీసుకపోతరు. శుక్రవారమైతే లైన్లనే సగం పొద్దు పోతది. బయటికొచ్చేసరికి నవబ్రహ్మ గుళ్ల (తొమ్మిది పాత శివుని గుళ్లు) దగ్గర బండలు కాలుతుంటయి, చెప్పుల్లేని కాళ్లతోని రెండు గుళ్లు చూసి ఇగ చాలంటరు. అందుకే తెల్లారంగనే నవబ్రహ్మలు చూడండి. సాక్సులు వెంట పెట్టుకోండి. ముందు అమ్మవారికే మొక్కాలె అనుకుంటే ఆ తొమ్మిదిట్ల ఒకటైన బాలబ్రహ్మ గుడితోని మొదలుపెట్టండి. 2005ల కొత్త గుడి అయ్యేదాకా అమ్మవారు ఉన్నది అక్కడనే.

ఈ నవబ్రహ్మ గుళ్లు 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల కట్టడాలు. పేర్లన్నీ బ్రహ్మవే, లోపల పూజలందుకునేది శివుడు. వీటిల ఎక్కువ టైం స్వర్గబ్రహ్మకే ఇయ్యండి. చాళుక్య రాజు వినయాదిత్యుని కాలం, అంటే 681–696 నాటి గుడి. బయటి గోడల మీద దిక్పాలకులు, అంటే దిక్కులను కాసే దేవతల బొమ్మలుంటయి. పొద్దుటి ఎండ పక్కనుంచి పడ్డప్పుడే నగల గీతలు, బట్టల మడతలు తేటగా కనబడ్తయి. నడినెత్తి ఎండల అదే బొమ్మ చప్పగ ఉంటది. అక్కడి నుంచి తలెత్తి శిఖరం చూడండి. వంపు తిరుగుతూ పైకి పోయి, కొసకు ఉసిరికాయ లెక్క గాడులున్న రాతి చక్రం ఉంటది. అది ఉత్తరాది నాగర పద్ధతి. తారకబ్రహ్మ గుడి మాత్రం దక్షిణాది ద్రావిడ పద్ధతి. "ఈ రెండిట్ల తేడా చూపియ్యన్నా" అని గైడ్‌ను అడగండి. ఆగి చూపిస్తే మంచి గైడ్ దొరికినట్టే. స్థలపురాణం ఒక్కటే చెప్పి ముందుకు నడిస్తే మీరే ఆపాలె.

నవబ్రహ్మ గుళ్లల్ల చానావాట్ల గర్భగుడి చుట్టూ లోపల్నే ప్రదక్షిణ దారి ఉంటది. ఎండల నుంచి పోతే ఏం కనబడదు, ఒక నిమిషం నిలబడితే కండ్లు అలవాటైతయి.

అమ్మవారి గుడి మధ్యాహ్నం మూస్తరు కాబట్టి వేళలు ముందే కనుక్కోండి. లోపల ఫొటోలు తీయనియ్యరు.

టైం లేదని గైడ్‌లు ఎగ్గొట్టేది పాపనాశి గుళ్లు, కూడలి సంగమేశ్వరం. మాకు బాధనిపించేది ఇక్కడనే. శ్రీశైలం డ్యామ్ నీళ్లల్ల మునుగుతయని ఈ గుళ్లను రాయి రాయి విప్పి, తెచ్చి మళ్లా నిలబెట్టిండ్రు. పాపనాశిల కప్పులు మెట్లు మెట్లుగా ఉంటయి, నవబ్రహ్మల శిఖరాలు చూసి పోతే తేడా వెంటనే తెలుస్తది. ఊరికి రెండు కిలోమీటర్ల లోపే, జనం తక్కువ, ఇద్దరు తీరిగ్గ తిరగొచ్చు.

బస్సుల వచ్చేవాళ్లు హైవే మీద అలంపురం చౌరస్తాల దిగితే, ఊర్లకు ఇంకో పది కిలోమీటర్ల దాకా ఉంటది. ఆటో మాట్లాడేటప్పుడే పాపనాశి, సంగమేశ్వరం కలిపి, తిరిగి చౌరస్తాల దించేదాకా రేటు ఒప్పుకోండి.